బస్సులో మిగిలిపోయిన అబ్బాయి, రాళ్ల పాఠం: నెల్లూరు, ప్రకాశం టీచర్లకు సమగ్ర మార్గదర్శి

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లల్ని రాళ్లు చూపిద్దామని ఒక గుట్ట దగ్గరికి తీసుకెళ్లాను. క్లాసులో ఒకబ్బాయి కాలికి క్యాలిపర్ వేసుకుని, కర్ర ఊతంతో నడిచేవాడు. గుట్ట ఎక్కలేడు కదా అని, "సామాన్లు చూస్తా కూర్చో నాయనా" అని బస్సులో ఉంచేశాను. వాడిని కష్టపెట్టలేదు, మంచి పనే చేశాననుకున్నాను. మర్నాడు చూసినవన్నీ రాయమంటే వాడు రెండే వాక్యాలు రాశాడు: "బస్సులో కూర్చున్నాను. డ్రైవరన్న నిద్రపోయాడు." దాని మీద టిక్కు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

చాలా రోజులు తప్పు ఆ గుట్టదే అనుకున్నాను. నిజానికి నేను తప్పు చేసింది గుట్ట దగ్గర కాదు, దానికి పది రోజుల ముందు. ఎక్కడికి వెళ్లాలో స్టాఫ్ రూములో అనుకున్నప్పుడు ఆ అబ్బాయి నా లెక్కలో లేడు. తర్వాత తోటి టీచర్లతో కలిసి పని తీరు మార్చుకుంటూ వచ్చాం. ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేయాలో మాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను. హైస్కూల్లో సోషల్, సైన్సు చెప్పేవాళ్లకు, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు నడిపే హెచ్చెమ్‌లకు ఇది పనికొస్తుంది.

ముందుగా ఒక చిక్కు చెప్పాలి. మన బళ్లలో భూశాస్త్రం అనే సబ్జెక్టు విడిగా లేదు. కొండలు, నదులు సోషల్లో ఉంటాయి. ఖనిజాలు, లోహాలు ఫిజికల్ సైన్సులో ఉంటాయి. నేల సంగతి బయాలజీలో కాస్త వస్తుంది. అన్నదమ్ముల ఉమ్మడి పొలం లాగా అందరిదీ అయి, చివరికి ఎవరూ దున్నరు. వృత్యంతర శిక్షణలో కూడా దీని వంతు వచ్చేసరికి సాయంత్రం అయిపోతుంది.

చూడబోతే మన చుట్టూ ఉన్నంత సరుకు చాలా జిల్లాల్లో లేదు. పడమట నల్లమల, వెలిగొండలు. తూర్పున సముద్రం. మార్కాపురం పలక, చీమకుర్తి గెలాక్సీ రాయి, సైదాపురం, గూడూరు వైపు అభ్రకం, పెన్నా, గుండ్లకమ్మ, కంభం చెరువు, పులికాట్. నేను ఉమ్మడి జిల్లాల లెక్కనే చెబుతున్నాను. సరిహద్దులు మారుతుంటాయి, రాళ్లకు ఆ పట్టింపు లేదు.

అడుగు 1: ఎవరు మిగిలిపోతారో ముందు రాసుకోండి

ఎక్కడికి వెళ్లాలో తర్వాత చూద్దాం. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ క్లాసులో ఈ పాఠానికి ఎవరు దూరమయ్యే అవకాశం ఉందో రాయండి. నడక కష్టమైనవాళ్లు, చూపు, వినికిడి తక్కువవాళ్లు వెంటనే గుర్తొస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో చాలా బయటికి కనపడవు. ఆ జాబితాలో లేని ఇబ్బందులూ ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని పిల్లవాడు "ఎర్రగా ఉన్న ఖనిజం ఏది" అన్న ప్రశ్నకు తలొంచుకుంటాడు, మనం వాడు చదవలేదనుకుంటాం. ఆస్తమా ఉన్నవాళ్లు, ఎండకు ఫిట్స్ వచ్చేవాళ్లు ఉంటారు.

ఇక ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోయినా మిగిలిపోయేవాళ్లు. బయటికి వెళ్తే బాత్రూమ్ ఉండదని నెలసరి రోజుల్లో కడుపు నొప్పి అని చెప్పి మానేసే ఆడపిల్లలు. యాభై రూపాయలు ఇంట్లో అడగలేక "నాకు ఇష్టం లేదు సార్" అనేవాళ్లు. చీమకుర్తి క్వారీలకు ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కూలీల పిల్లలు, ఇంట్లో ఒక భాష, బళ్లో ఇంకో భాష. చేపల వేటకో పనికో అమ్మానాన్నల వెంట వెళ్లి వారానికి రెండు రోజులు మాత్రమే కనిపించే యానాది పిల్లలు. వీళ్లందరూ ఆ కాగితం మీదికి రావాలి.

ఈ కాగితం క్లాసులో చదవకండి, స్టాఫ్ రూము బల్ల మీద వదిలేయకండి. పక్కన ఇంకో గడి గీసి, ఆ పిల్లవాడికి ఏది బాగా వచ్చో రాయండి. మా అబ్బాయికి మెకానిక్ షాపులో కూర్చునే అలవాటు, ఇనుము ఏదో స్టీలు ఏదో చేత్తో పట్టుకుని చెప్పేవాడు. ఆ గడి నిండితేనే పాఠం ఎటు తిప్పాలో తెలుస్తుంది.

అడుగు 2: జట్టు కట్టండి, గంటలు లెక్కలో పెట్టించండి

ఒక్కరే చేయాలనుకుంటే రెండో నెలకే నీరసం వస్తుంది. కాంప్లెక్సులో నలుగురు చాలు: ఒక సోషల్, ఒక ఫిజికల్ సైన్సు, ఒక బయాలజీ, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం నుంచి సహిత విద్య టీచరు ఒకరు. ఈ నాలుగో మనిషిని మనం కార్యక్రమం అంతా రాసుకున్నాక పిలుస్తాం. అలా కాదు, మొదటి రోజే పిలవండి. బ్రెయిలీ లేబుళ్లు మొదలుకొని వినికిడి పరికరం పెట్టుకున్న పిల్ల గాలి హోరులో ఎంత వినగలదన్న దాకా, ఏది అడిగినా చెప్పేది ఆవిడే.

ఐదో మనిషి బడి బయట ఉంటాడు. బావులు తవ్వినవాడో, రాయి కొట్టినవాడో, పలకల పనిలో పెరిగినవాడో. మా జట్టులో ఒక బావుల మేస్త్రి ఉన్నాడు. "అయివోరా, పుస్తకంలో ఏముందో నాకు తెల్వదు, ముప్ఫై అడుగుల కింద ఏముందో చెప్తా" అన్నాడు మొదటి రోజు. ఆయనకు కుర్చీ వేసి, మేం కింద కూర్చుని నోట్సు రాసుకున్నాం.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల నిరంతర వృత్తిపర అభివృద్ధి ఉండాలంది. రాళ్లు ఏరడం, దారి చూసి రావడం, ఒకరి పాఠం ఇంకొకరు చూడడం కూడా ఆ గంటల్లో చేర్చమని హెచ్చెమ్ ద్వారా ముందే రాసి అడగండి. ఆన్‌లైన్‌లో వీడియో నడుస్తుంటే పక్కన పేపర్లు దిద్దుకునే గంటల కంటే ఇవి చాలా నయం.

అడుగు 3: రాళ్ల పెట్టె తయారు చేయండి

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. పెట్టె బాగుంటే బయటికి వెళ్లలేని రోజున కూడా పాఠం ఆగదు. మొదలుపెట్టడానికి గట్టి చెప్పుల పెట్టెలు రెండు చాలు. దుకాణంలో కొనే నమూనాల సెట్టు వద్దు. వాటిలో గోరంత ముక్కలు అట్టకు అంటించి ఉంటాయి, చేతిలోకి రావు.

చీమకుర్తి రాయితో మొదలుపెట్టండి. కటింగ్ యార్డుల దగ్గర వ్యర్థాల గుట్టల్లో అడిగితే ఇస్తారు. ఒక పక్క పాలిష్ పట్టి, ఇంకో పక్క గరుకుగా ఉన్న ముక్క ఏరుకోండి. బజారులో దీని పేరు బ్లాక్ గెలాక్సీ గ్రానైటు. శాస్త్రం లెక్కలో అది గ్రానైటు కానే కాదు, గాబ్రో జాతి రాయి. నల్లటి ఆకాశంలో చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. అంతే సైజు మామూలు లేతరంగు గ్రానైటు ముక్కను పక్కన ఉంచండి. చూపు లేని పిల్లవాడు రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుంటే ఏది బరువో చెప్పేస్తాడు. ఘనపు సెంటీమీటరుకు గ్రానైటు సుమారు 2.7 గ్రాములు తూగితే గాబ్రో 3 గ్రాముల దగ్గర ఉంటుంది. అందుకే ముక్కలు ఒకే సైజులో కోయించాలి. ఈ చిన్న జాగ్రత్త తీసుకోకపోతే ప్రయోగమే తప్పవుతుంది, మాకు ఒకసారి అయింది.

తర్వాత మార్కాపురం పలక. మన తాతల కాలం నుంచి పిల్లల చేతిలో ఉన్న భూశాస్త్ర నమూనా ఇదే, దాని మీద అ ఆలు దిద్దించాం గానీ దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వంద కోట్ల ఏళ్లకు పూర్వం కడప బేసిన్ అనే పెద్ద పల్లంలో నీటి అడుగున పేరుకున్న బురద అది. ఆ తర్వాత పడ్డ ఒత్తిడికి, వేడికి మారి, పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. వేలితో అంచు తడిమితే పొరలు తెలుస్తాయి. మెల్లగా తడితే ఖంగుమంటుంది. పగులు ఉన్న పలక మొద్దుగా పలుకుతుంది. వినికిడి లేని పిల్లలు దాన్ని వేళ్ల కొసల మీద నిలబెట్టి తడితే ఆ అదురు చేతికి తెలుస్తుంది.

అభ్రకం కోసం గని దాకా పోనక్కర్లేదు. ఇస్త్రీ పెట్టెలు బాగుచేసే షాపులో పాత ఎలిమెంటు అడగండి. తీగ చుట్టింది అభ్రకం రేకు మీదే. వేడికి తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు. ఆ రేకుతో పాటు సైదాపురం వైపు నుంచి ఒక పచ్చి ముక్క కూడా దొరికితే మంచిది. నెల్లూరు అభ్రకానికి కొద్దిగా ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. గోటితో పొర లేపితే ఊడొస్తుంది. ఖనిజాల్లో చీలిక అంటే ఏమిటో నోటితో చెప్పే పని లేదు.

పలుగురాయి ఒకటి, పక్కన ఒక గాజుపలక. పలుగు గాజును గీస్తుంది, మేకు గీయలేదు. ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ కొలతలో పలుగు 7, గాజు ఐదున్నర దగ్గర. గీసేటప్పుడు వచ్చే చప్పుడు, చేతికి తగిలే ఒరుపు కూడా సమాచారమే. గాజు అంచులకు టేపు వేయడం మరవకండి. రాయిని రాయితో కొట్టే పని పిల్లలకు పెట్టవద్దు, కళ్లు పోతాయి. పొడిగా నూరడం అసలు వద్దు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో క్వారీ పనివాళ్ల ఇళ్లలో అడిగితే చెబుతారు. నూరాల్సి వస్తే తడిపి నూరండి.

ఇసుకలు రెండు: పెన్నాదో గుండ్లకమ్మదో ఒకటి, మైపాడుదో కొత్తపట్నానిదో ఒకటి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి సముద్రపు ఇసుకలో తిప్పితే నల్ల రేణువులు మీసాల్లా లేచి నిలబడతాయి. వేలితో తాకి చూడమనండి. మట్టి నాలుగు రకాలు: రేగడి, ఎర్రమట్టి, గరప, చవుడు. కొద్దిగా తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా లాగితే రేగడి పొడుగ్గా సాగుతుంది, గరప తెగిపోతుంది. ఈ పరీక్షలో కళ్లతో పని లేదు. చూపున్న పిల్లల కంటే చూపు లేనివాళ్లే ఇక్కడ చురుగ్గా ఉంటారు, అది క్లాసంతా చూస్తుంది.

ప్రతి ముక్కకూ చెక్కబిళ్ల కట్టి, ఆకురాయితో గాట్లు పెట్టండి. ఒక గాటు ఒకటో నంబరు, రెండు గాట్లు రెండో నంబరు. పెద్ద అక్షరాల్లో పేరు, వీలైతే బ్రెయిలీ. పేరు కంటే ముందు ఏ ఊరిది, ఎవరిచ్చారు అన్నది రాయండి. ఊరి పేరు లేని రాయి ఒట్టి రాయి.

ఇదే ఊపులో ఒక తడిమే పటం కూడా చేసుకోవచ్చు. పాత అట్టపెట్టెలను పటంలోని ఎత్తుల గీతల ప్రకారం కోసి ఒకదాని మీద ఒకటి అంటిస్తే పడమటి కొండలు లేస్తాయి. నదులకు పురికొస, తీరానికి గరుకు కాగితం. నీళ్లు తూర్పుకే ఎందుకు పోతాయో వేలే చెబుతుంది.

అడుగు 4: ముందు టీచర్లు పిల్లలు కావాలి

పెట్టె సిద్ధమయ్యాక ఒక సమావేశంలో టీచర్లే కళ్లకు గంతలు కట్టుకుని, పెట్టెలోని పది వస్తువులను వర్గాలుగా విడదీయాలి. తర్వాత మాట లేకుండా, సైగలతో, కాగితం మీద రాసి ఒక ప్రయోగం నేర్పాలి. నవ్వులాటగా మొదలవుతుంది, పది నిమిషాలకు మన పాఠంలో "ఇటు చూడండి" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో తెలిసి నవ్వు ఆగుతుంది.

ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. గంతలు కట్టుకుంటే అంధత్వం అంటే ఏమిటో తెలిసిపోయినట్టు కొన్ని శిక్షణల్లో కన్నీళ్లు పెట్టిస్తారు. పావుగంటలో తెలిసేది అయోమయం మాత్రమే. ఏళ్ల తరబడి చూపు లేకుండా బతికే మనిషి నేర్పు అది కాదు. గంతలు మన పెట్టెను పరీక్షించడానికే. జాలి వద్దు, తప్పులు రాసుకోండి: ఏ లేబులు అందలేదు, ఏ రెండు ముక్కలు తడిమితే ఒకేలా ఉన్నాయి. వీలైతే చూపు లేని పెద్దవాళ్లు ఒకరిని పిలిచి పెట్టె చూపించండి. ఆయన పెట్టే వంకలకు విలువ ఎక్కువ.

అడుగు 5: బోరు పొడిని వదలకండి

కనిగిరి, పామూరు వైపు బోరు వేయిస్తున్నారంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. అప్పు చేసిన డబ్బు, నీళ్లు పడతాయో లేదో. అలాంటి చోటికి పిల్లల గుంపును తీసుకెళ్లి నిలబెట్టడం మర్యాద కాదు, రిగ్గు దగ్గర దుమ్ముకూ చప్పుడుకూ ప్రమాదం కూడా. కాని ఆ రిగ్గు ఊదే పొడి ఉందే, అది వందల అడుగుల లోతు నుంచి ఉచితంగా వచ్చే పాఠం.

రైతును, రిగ్గు వాళ్లను ముందే అడగండి. మాస్కు కట్టుకున్న పెద్దవాళ్లు ఒకరు పక్కనుండి, రాడ్డు మార్చినప్పుడల్లా ఒక గుప్పెడు పొడి కవరులో వేసి, ఎన్నో రాడ్డో రాయాలి. రాడ్డు పొడవు తెలుసు గనుక లోతు లెక్క కట్టొచ్చు. బడికి తెచ్చి తడిపి ఆరబెట్టి, పారదర్శకమైన సీసాల్లో పోసి వరుసగా పేర్చండి. పైన ఎర్రమట్టి, కింద మెత్తబడ్డ రాయి, ఆ కింద బూడిదరంగు గట్టి రాయి. నీరు తగిలిన చోట పొడి కాస్తా బురదై వచ్చి ఉంటుంది. బావుల మేస్త్రిని పిలిచి ఆ సీసాల ముందు కూర్చోబెడితే గంటన్నర పాఠం నడుస్తుంది.

క్యాలిపర్ అబ్బాయి లాంటి పిల్లలకు ఈ పనిలో అడ్డమేమీ లేదు. సీసాల చిట్టా రాసేవాడు వాడే కావాలి. గుట్టకు వెళ్లినవాళ్లు పై రాయినే చూశారు, వీడు కిందిది చూశాడు.

అదే ప్రాంతంలో ఫ్లోరైడ్ సంగతి రాక తప్పదు. గట్టి రాళ్లలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు ఆ రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచి, సున్నం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉంటే అది కరిగి నీళ్లలోకి వస్తుంది. తాగునీటి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రామంటుంది. వేరే నీరు లేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటుంది. ఈ పాఠం చెప్పేటప్పుడు క్లాసులో ఆ నీటి వల్ల పళ్ల మీద గోధుమ మచ్చలు వచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్లను నమూనాలుగా చూపించొద్దు. "ఎవరి పళ్లు చూద్దాం" అన్న మాట నోరు జారినా ఆ పిల్ల ఏడాదంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. తమ ఊరి నీటి పరీక్ష కాగితం తెచ్చుకుని అంకెల మీద మాట్లాడండి.

అడుగు 6: చోటు ఎంచండి, వెళ్లి నడిచి చూడండి

మొదటి కాగితంలో ఎవరికి చేరుకోవడం అన్నిటికంటే కష్టమో, వాళ్లు చేరగల చోటే అందరికీ చోటు. మా జట్టులో ఇది ఒక్కటే కచ్చితమైన నియమం. ఇద్దరికి ఒక చోటు, మిగతా వాళ్లకు ఇంకో చోటు అంటే మళ్లీ బస్సు కథే.

క్వారీ లోపలికి వద్దు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు పని జరిగే గనిలో ఉండకూడదన్నది 1952 నాటి గనుల చట్టంలోనే ఉండేది. పాడుబడిన గుంతలు ఇంకా ప్రమాదం, నీళ్లు నిండి లోతు తెలియదు. వాటి బదులు అనుమతి తీసుకుని, పని ఆపిన వేళ, చదును నేల ఉన్న కటింగ్ యార్డు చూడండి. కోసిన పెద్ద దిమ్మె మీద రాయి లోపలి అల్లిక కొండ మీద కంటే బాగా కనిపిస్తుంది.

కంభం చెరువు కట్ట మాకు బాగా నచ్చిన చోటు. రెండు కొండల మధ్య సందును మూసి గుండ్లకమ్మను ఆపిన విజయనగర కాలపు కట్ట అది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేరింది. కట్ట ఎక్కడ కట్టాలో ఎంచిన మనిషికి నేల చదవడం వచ్చు. అక్కడ నిలబడి కొండ వాలు, చెరువు, ఆయకట్టు మూడూ ఒకే చోట చెప్పొచ్చు. సముద్రతీరం అయితే పొడి ఇసుకలో చక్రాల కుర్చీ కదలదు. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద కొంత నయం. అక్కడి దాకా దిగడానికి పాత గోనెపట్టాలో ప్లైవుడ్ పలకలో పరుచుకోండి.

పిల్లలు లేకుండా ముందే ఒకసారి వెళ్లి రండి. బస్సు ఆగే చోటు నుంచి అడుగులు లెక్కపెట్టండి. మెట్లు ఎన్ని, నీడ ఎక్కడ, తాళం వేసి లేని బాత్రూమ్ ఎక్కడ, అందులో నీళ్లు వస్తున్నాయా. బాత్రూమ్ లేకపోతే ఆ చోటు ఎంత అందంగా ఉన్నా కొట్టేయండి. ప్యాడ్లు ఉన్న సంచి ఒక టీచరమ్మ దగ్గర ఉందని ఆడపిల్లలకు ముందురోజే తెలియాలి. డబ్బు సంగతి: అడిగితే అందరినీ సమానంగా అడుగుతాం, ఇవ్వలేనివాళ్లు సమానంగా ఇవ్వలేరు. అందుకే సున్నా ఖర్చు చోటే ఎంచండి, లేదా దాతను చూసుకోండి.

నెల కూడా చూసుకోవాలి. మనకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో పెన్నా ఎలా పొంగిందో నెల్లూరువాళ్లకు చెప్పక్కర్లేదు. సంక్రాంతి సెలవుల తర్వాత, పదో తరగతి పరీక్షల హడావిడి ముదరకముందు ఉన్న నాలుగు వారాలే మంచి సమయం. పది గంటలకల్లా పని ముగించి నీడలోకి రండి.

ఇలా కొందరు మిగిలిపోవడం మన దగ్గరే ఉన్న సమస్య కాదు. అమెరికాలో భూశాస్త్రాల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లలో జాతుల వైవిధ్యం 40 ఏళ్లలో పెరగలేదని 2018లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ఇద్దరు పరిశోధకులు లెక్కలతో చూపించారు. కొండ ఎక్కగలవాడే భూశాస్త్రవేత్త అన్న పాత ఊహ అక్కడా ఉంది. దివ్యాంగ విద్యార్థులు కూడా వెళ్లగల క్షేత్ర పర్యటనల కోసం అక్కడ 2008 నుంచి ఒక అంతర్జాతీయ సంఘమే పనిచేస్తోంది.

అడుగు 7: ఆ రోజు

నలుగురేసి జట్లు. ఒకరు కొలుస్తారు, ఒకరు తడిమి వర్ణిస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు ప్రశ్నలు అడుగుతారు. అరగంటకోసారి పనులు మారాలి. సామాన్లు కాచే పని ఎవరికీ లేదు, అది డ్రైవరన్నకు టీ ఇప్పించి అప్పజెప్పండి.

వినికిడి తక్కువ పిల్లలున్నప్పుడు చెప్పాల్సిందంతా బడిలోనే, బోర్డు మీద చెప్పి బయల్దేరండి. అక్కడ గాలికి మన కేకలే మనకు వినపడవు. సూర్యుడికి ఎదురుగా నిలబడండి. అంటే మీ కళ్లల్లో ఎండ పడాలి, పిల్లల కళ్లల్లో కాదు. అప్పుడే మీ పెదవులు వాళ్లకు కనిపిస్తాయి. చూపు తక్కువవాళ్లకు "అదిగో అక్కడ" అనకండి. "నీ కుడిచేతి వైపు పది అడుగుల్లో మోకాలెత్తు రాయి" అనండి. ఇలా చెప్పడం అలవాటైతే పరిశీలన అంటే ఏమిటో చూపున్న పిల్లలకు కూడా పట్టుబడుతుంది.

నిదానంగా నడిచే పిల్లలతో మొదటి వరుస మొదలవ్వాలి. లేకపోతే వాళ్లు చివర చేరేసరికి మిగతావాళ్ల పాఠం అయిపోయి "పదండి పదండి" అంటుంటాం.

అడుగు 8: ఊరి మాట ముందు, పుస్తకం మాట తర్వాత

అవక్షేప శిల, రూపాంతర శిల అంటూ మొదలుపెడితే సగం క్లాసు అక్కడే దిగిపోతుంది. ముందు ఇంట్లో ఏమంటారో అడగండి. గరప, మొరం, పలుగు, చవుడు, చెలమ, వాగు. ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తెచ్చుకున్న ఇంటి పిల్లకు భూగర్భ జలమట్టం అంటే కొత్త విషయం కాదు, కొత్త పేరు మాత్రమే. ఊరి మాట, పుస్తకం మాట, పరీక్షలో వచ్చే ఇంగ్లీషు మాట, మూడింటినీ గోడ మీద వరుసగా రాయించండి. ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలుంటే నాలుగో వరుస వాళ్లది. నాన్న రాయి కొడతాడని చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్లవాడు, ఆ రాయి గురించి నాన్న చెప్పిన మాట గోడ మీద కనపడ్డాక సిగ్గు పడడు.

అడుగు 9: భూకంపం పాఠం, అందరి డ్రిల్లు

1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు వరసగా ప్రకంపనలు వచ్చి జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. కాబట్టి మన పిల్లలకు ఇది జపాన్ పాఠం కాదు.

బెంచీ కింద దూరి తల కాపాడుకోమని డ్రిల్లు చేయిస్తాం. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల బెంచీ కింద దూరలేదు. ఆమె చక్రాలకు బ్రేకు వేసి, ముందుకు వంగి, తల, మెడ చేతులతోనో సంచితోనో కప్పుకోవాలి. వినపడని పిల్లలకు గంట పనిచేయదు, లైటు ఆర్పి వెలిగించడమో పక్కవాడు భుజం తట్టడమో ముందే ఒప్పుకుని ఉండాలి. కుదుపు ఆగాక ఎవరు ఎవరితో బయటికి రావాలో పేర్లతో రాసి తలుపు వెనక అంటించండి. ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు, మూడు నెలలకోసారి చేయండి.

అడుగు 10: మార్కులు, ఆ తర్వాతి దారి

మార్కుల దగ్గర ఎక్కువ చెప్పేది లేదు. గీయలేని పిల్లను మట్టితో చేసి చూపనివ్వండి, రాయలేనివాణ్ణి నోటితో చెప్పనివ్వండి. రంగు మీద ఆధారపడిన ప్రశ్న ఒక్కటి కూడా పెట్టకండి.

తొమ్మిది, పది చదివే ఆడపిల్లలు "ఇందులో మాకు ఉద్యోగాలుంటాయా మేడం" అని అడుగుతారు. జవాబు తెలిసి ఉండాలి. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి దించలేదు. 2019లో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించింది. అంతకు చాలా ముందే, 1983లో బయల్దేరిన భారత దండయాత్రలో సుదీప్తా సేన్‌గుప్తా అనే భూశాస్త్రవేత్త అంటార్కిటికా వెళ్లారు. డిగ్రీ, పీజీ అయ్యాక యూపీఎస్సీ జియో సైంటిస్టు పరీక్ష రాస్తే కేంద్ర ప్రభుత్వ భూశాస్త్ర సర్వే సంస్థ జీఎస్ఐలో చేరొచ్చు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ ఉంది. హైస్కూలు పిల్లలకు భూశాస్త్ర ఒలింపియాడ్ ఉంది, 2013లో అంతర్జాతీయ పోటీ మైసూరులోనే జరిగింది. నడక కష్టమైన పిల్లలకు కూడా ఇందులో చోటుందని చెప్పండి: ఉపగ్రహ చిత్రాలు చదవడం, ల్యాబులో రాతి పలుచని ముక్కలను మైక్రోస్కోపు కింద చూడడం, భూకంప నమోదులు విశ్లేషించడం, అన్నీ కుర్చీలో కూర్చుని చేసే పనులే. ఇస్రో భువన్, జీఎస్ఐ భూకోశ్ పటాలు బడి కంప్యూటర్లో తెరిచి తమ ఊరిని వెతకమంటే అక్కడే మొదలవుతుంది.

అడుగు 11: ఒకరి క్లాసు ఒకరు చూడండి

నెలకోసారి జట్టులో ఒకరు ఇంకొకరి పాఠానికి వెళ్లి వెనక కూర్చోవాలి. చూడాల్సింది టీచరును కాదు. ఒకే ఒక్క పిల్లవాణ్ణి ఎంచుకుని, పీరియడ్‌లో అతని చేతిలో రాయి ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు మాట్లాడాడు, ఎప్పుడు కిటికీ వైపు చూశాడు అని రాయాలి. మొదటిసారి నా క్లాసులో ఒక టీచరు ఇలా రాసిచ్చినప్పుడు నలభై ఐదు నిమిషాల్లో ఆ పిల్ల చేతిలో రాయి ఉన్నది రెండు నిమిషాలు. మిగతా సమయమంతా ముందు బెంచీ వాళ్ల దగ్గరే తిరుగుతోంది. నాకు కోపం వచ్చింది, తర్వాతి నెలలో పెట్టెలు రెండు నుంచి ఆరయ్యాయి.

ఏడాది చివర పెట్టెను కాంప్లెక్సులో పక్క బడికి ఇచ్చేయండి, వాళ్లది మీరు తెచ్చుకోండి. ఇచ్చేముందు బిళ్లలు, గాట్లు, సీసాల మూతలు సరిచూసుకోవాలి. గాజుకు టేపు మార్చాలి. అభ్రకం ముక్క మాత్రం ఏటా కొత్తది వేయాల్సిందే. పొర ఊడదీసి జేబులో వేసుకోని పిల్లవాడు నాకింతవరకు తగల్లేదు.